కాశీలో లెక్క తప్పిన రాత్రి

రాత్రులు లెక్కపెట్టడం నా ఉద్యోగం. నవ్వకండి, నిజంగానే. తిరుపతిలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో ఇరవై ఏళ్ళకు పైగా ఒకే కుర్చీలో కూర్చున్నాను. గుజరాత్ నుంచో మలేషియా నుంచో నలభై మంది గుంపుగా కొండకు వస్తారు. గుంపుకు బస్సు, భోజనం, దర్శనం అన్నీ వేరేవాళ్ళు చూసుకుంటారు. నా వంతుకు వచ్చేది గుంపులో ఇమడనివాళ్ళు. గుంపుకంటే రెండు రోజులు ముందే దిగేవాళ్ళు, అందరూ వెళ్ళిపోయాక కాణిపాకం, కాళహస్తి చూసుకుని పోతామని ఆగిపోయేవాళ్ళు. కాళహస్తి చూశాక ఇంక ఎక్కడా ఆగకూడదు, నేరుగా ఇంటికే పోవాలి కాబట్టి దాన్ని చివర్లో పెట్టి, అటునుంచి అటే రేణిగుంటలో విమానం ఎక్కిస్తాను. వాళ్ళను విమానాశ్రయం నుంచి తీసుకురావడం, మళ్ళీ దించి రావడం, ముందూ వెనకా ఎన్ని రాత్రులు కావాలంటే అన్ని రాత్రులకు హోటల్లో గది రాయించడం, అదీ నా బతుకు. ఒక్క రాత్రి తేడా వచ్చిందంటే ఎవరో పెద్దావిడ సంచులు ఒళ్ళో పెట్టుకుని రిసెప్షన్ ముందు సోఫాలో కూర్చోవాలి. నా చేతుల మీదుగా ఏ పెద్దావిడా అట్లా కూర్చోలేదని అందరి దగ్గరా గొప్పలు పోయేవాణ్ణి. ఆ గొప్పే నా కొంప ముంచింది.

మా అక్క నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దది. నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. అక్కకు పెళ్ళయింది గానీ మూడో ఏట మా బావ కూడా పోయాడు. మెట్టినింట్లో ఉండనివ్వలేదు, చిత్తూరికి మా ఇంటికే వచ్చేసింది. నాయన ఉన్నా లేనట్టే, ఆయన గోల ఇప్పుడెందుకు. అక్క చింతపండు మండీలో పనికి కుదిరింది. ఎండిన చింతకాయలను చిన్న సుత్తితో కొట్టి, పెంకు వలిచి, నార తీసి, గింజలు తీసి పండు వేరుచేయాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే చోట, నడుం వంచి. సీజన్లో ఆమె వేళ్ళు నల్లగా, పగిలిపోయి ఉండేవి. ఆ వేళ్ళతోనే నాకు అన్నం కలిపి పెట్టేది. ఆ వేళ్ళ పులుపు అన్నానికి అంటుకునేది. నన్ను డిగ్రీ దాకా చదివించింది ఆ వేళ్ళే.

అక్క ఏడ్చే మనిషి కాదు, వెటకారం మనిషి. కష్టం ఎక్కువైన రోజున సుత్తి పక్కన పడేసి, రెండు చేతులూ పైకెత్తి, "సామీ, ఈ ఒగ జన్మ సాలు. ఇంగోటి వొద్దు. ఎవురికన్నా కావాలంటే నాది ఇచ్చెయ్" అనేది. మండీలో ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. అది ఆమె అడగగలిగిన ఒకే ఒక్క కోరిక అని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తే మళ్ళీ తల్లి కడుపులో తొమ్మిది నెలలు ఉండే బాధ తప్పుతుందని మనవాళ్ళు అంటారు. అంటే ఇంక పుట్టక్కర్లేదు. మండీలో ఎవరో పెద్దావిడ చెప్పిందట. అక్క అరవై దాటిన తర్వాత, ఒక ఆదివారం నేను చిత్తూరు వెళ్ళినప్పుడు, నాకు ఉప్మా వడ్డిస్తూ మామూలుగా అంది.

"అబ్బోడా, నువ్వు ఎవురెవురినో యాడికాడికో పంపిస్తా ఉంటావు గదా. నన్ను కాశీకి పంపియ్యరా. తొమ్మిది నిద్రలు సేసొస్తా."

నా పెళ్ళికి కూడా ఒక కొత్త చీర అడగని మనిషి. "పంపిస్తానక్కా, మారాణి మాదిరి పంపిస్తా" అన్నాను.

"మారాణి యాలరా, మంచముంటే సాలు" అంది.

అప్పుడే మా ఆఫీసు ఒక గుంపును కాశీకి తీసుకెళ్తోంది. గుంపుకు కాశీలో మూడు రాత్రులే. ఇంక చూసుకోండి, నాకు చేతినిండా పని దొరికింది. అక్కను ఒంటరిగా పంపడం ఇష్టం లేక మా ఆవిడను తోడు పెట్టాను. గుంపుకంటే ముందు మూడు రాత్రులు అదనం, గుంపుతో మూడు, గుంపు తిరిగి వచ్చేశాక ఇంకో మూడు. అంతా ఒకే హోటలు, ఒకే గది, సామాను కూడా కదపక్కర్లేదు. కాశీ విమానాశ్రయానికి కారు, మళ్ళీ దించడానికి కారు. కాగితం తీసి అక్క ముందు పెట్టి వేలితో చూపించాను.

"మూడు, మూడు, మూడు. సూస్కో. తొమ్మిది."

"నువ్వు సెప్తే సాలురా. నాకేం తెలుస్తాది" అంది గానీ, లోపలికి వెళ్ళి డబ్బాలోంచి చింతగింజలు తెచ్చి, తొమ్మిది ఎంచి, గుడ్డ సంచిలో వేసుకుంది. నిద్ర లేచిన ప్రతి పొద్దునా ఒక గింజ గంగలో వేస్తుందట. ఆమె లెక్క ఆమెది.

ఆదివారం మధ్యాహ్నం చిత్తూరులో కారెక్కించాను. పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరు విమానాశ్రయానికి చేరేసరికి చీకటి పడింది. వాళ్ళ విమానం తెల్లవారుజామున. పెరుగన్నం తిని ఇద్దరూ అక్కడి కుర్చీల్లో కూర్చున్నారు. సోమవారం పొద్దున ఎనిమిదికల్లా కాశీలో దిగారు.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. పొద్దున్నే దిగేవాళ్ళకు హోటల్లో గది మధ్యాహ్నం పన్నెండుకు గానీ ఇవ్వరు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు అంతసేపు ఎక్కడ ఉంటారు? అందుకని ముందు రాత్రి నుంచే గది రాయించేస్తాం. మనిషి రాకపోయినా ఆ రాత్రి గది వాళ్ళ పేరు మీదే ఉంటుంది. పొద్దున దిగగానే తాళం చేతికిస్తారు. నేను పెద్దవాళ్ళు ఎవరొచ్చినా అట్లాగే రాయిస్తాను. అక్కకూ అట్లాగే రాయించాను. ఆదివారం రాత్రి నుంచి.

సోమవారం ఫోన్ చేసింది. "రే, రూము తెరిసి పెట్టుండారురా మాకోసరం! పొయ్యీ పోంగానే మంచమెక్కినా. నా తమ్ముడంటే ఏమనుకున్యారు అనినా ఈ పిల్లతో." పొంగిపోయాను. నా మొహం, పొంగిపోయాను.

ఆ తర్వాత రోజూ ఫోనే. గంగ ఎంత వెడల్పు ఉందో, మెట్లు ఎన్ని ఉన్నాయో, పడవవాడు తెలుగులో ఎట్లా పిలుస్తున్నాడో. కాశీకి పోతే ఒక కాయా ఒక పండూ వదిలేయాలి కదా, ఇష్టమైనవి. ఏం వదిలావక్కా అన్నాను. "మామిడిపండు వదల్దామనుకున్యా. మనసు రాలేదురా. సపోటా వదిలేసినా, అది నేను యాడ తింటాను? ఆయనకు తెలుస్తాదంటావా?" అని కిలకిలా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది.

మళ్ళీ మంగళవారం వచ్చింది. వాళ్ళు తిరిగి బయల్దేరే రోజు. నేను రేణిగుంట విమానాశ్రయం బయట నిలబడి ఉన్నాను. పెద్ద గుంపు దిగుతోంది, మా ఓనరు స్వయంగా పూలదండలతో వచ్చి నా పక్కనే ఉన్నాడు. మా ఆవిడ ఫోను.

"ఇదో, వదిన సంచిలో ఇంగా ఒగ గింజ మిగిలుండాది."

"జాస్తి ఏసుకునింటుంది."

"లేదు, తొమ్మిదే. ఆయమ్మ ఎంచేటప్పుడు నేనూ సూసినా."

అంతలో అక్క ఫోను తీసుకుంది. గొంతులో తొందర లేదు, బెదురు ఉంది. "అబ్బోడా, ఎనిమిదేరా అయినాయి. ఆదివారం మేము బెంగులూరు కుర్సీల్లో ఉన్న్యాం గదా. ఈడ పడుకునింది సోమారం నుంచి. ఇంగొక్క రాత్రి ఉండేసి రావొచ్చునా?"

ఆ క్షణమే తెలిసిపోయింది తప్పు నాదేనని. కాగితం మీద తొమ్మిది. మంచం మీద ఎనిమిది. ఇరవై ఏళ్ళుగా నేను లెక్కపెట్టింది గదుల రాత్రులు, మనుషుల రాత్రులు కాదు.

మనిషన్నవాడు ఏం చేయాలి? "అవునక్కా, తప్పయింది, ఉండు" అనాలి. హోటలుకు ఒక ఫోను, విమానం టికెట్టు ఒక రోజు వెనక్కి, కారుకు ఒక మాట. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు వారానికి నాలుగుసార్లు చేస్తాను ఆ పని. కానీ ఓనరు పక్కనే ఉన్నాడు. చెవి ఇటే ఉంది. సొంత అక్కకే రాత్రులు లెక్క తప్పినాడని ఆయన ముందు బయటపడటానికి నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు చేసినవాడికే కోపం ముందొస్తుంది. నోరు పారేసుకున్నాను.

"నాకే లెక్కలు నేర్పిస్తా ఉండావా? ఇదే పని మీద బతకతా ఉండా నేను. కాగితంలో తొమ్మిదని రాసుండాది. ఎవురికైనా సూపించుకో. పన్నెండుకు కారొస్తాది, ఎక్కి రా."

అక్క అడిగింది, ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"దేవుడు కాగితం సూస్తాడంటావా నాయనా?"

"సూస్తాడు" అన్నాను.

"అయితే సరేలే" అంది.

ఓనరు "ఏమప్పా?" అన్నాడు. "ఏం లేదు సార్, ఇంట్లోవాళ్ళు" అని దండలు అందుకున్నాను.

అక్క వచ్చేసింది. నా మణికట్టుకు కాశీ దారం కట్టింది, చిన్న చెంబులో గంగనీళ్ళు ఇచ్చింది, ఊరంతా ప్రసాదం పంచింది. ఆ రాత్రి గురించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. నాలుగు తిట్టి ఉంటే నేను కాళ్ళ మీద పడేవాణ్ణి. మా ఆవిడ మాత్రం నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంకోసారి పంపిద్దాంలే, వచ్చే ఏడు చూద్దాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆఫీసులో పనులు ఎప్పుడూ ఉండేవే.

నాలుగు నెలలు తిరక్కముందే అక్కకు కడుపులో నొప్పి మొదలైంది. వేలూరు తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ చేసి, డాక్టరు నన్ను బయటికి పిలిచి మెల్లగా చెప్పింది. ఇంటికి తీసుకుపొమ్మంది. తిరుగు ప్రయాణంలో కారు చిత్తూరు చేరేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. అక్కే నా మోకాలి మీద తట్టి, "ఏమిరా, సచ్చేదాన్ని నేనా నువ్వా?" అంది.

ఆ సాయంత్రం చెప్పాను. "అక్కా, కాశీకి పోదాం మళ్ళీ. మొదట్నుంచీ తొమ్మిది. ఈసారి నేనూ వస్తా."

మంచం మీద లేచి కూర్చుంది. ఆ ముఖం చూడాల్సింది. అంత నొప్పిలో ఉన్న మనిషికి అంత వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో. కొంచెంసేపు ఆలోచించి, నాకు కష్టం కలగకుండా అడగాలని చూస్తూ, అడిగింది.

"మొదటి రాత్రి మంచం మీదనే గదా?"

నేను లేచి పెరట్లోకి వెళ్ళి, తొట్టి దగ్గర నిలబడి ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ తర్వాత రెండు వారాలు నేను ఇంకేం పని చేయలేదు. మా ఆఫీసు గుంపు మళ్ళీ కాశీకి బయల్దేరబోతోంది. గుంపులో ఒక నర్సమ్మ వస్తోందని తెలిసి ఆ గుంపునే పట్టుకున్నాను. ముందు నాలుగు రాత్రులు, గుంపుతో మూడు, తర్వాత మూడు. మొత్తం పది. ఒకటి చేయి జారినా ఇంకోటి ఉంటుందని. పొద్దున దిగే విమానం వద్దన్నాను, మధ్యాహ్నం దిగేది పెట్టాను. విమానం మెట్ల దాకా చక్రాల కుర్చీ, పడుకోవడానికి వీలుగా పెద్ద కారు, హోటల్లో కింది అంతస్తు గది. అక్క మాత్రం అన్నం రెండు ముద్దలు తినడం కూడా మానేసింది. అయినా రోజూ పొద్దున లేవగానే, "ఇంగెన్ని దినాలురా?" అని అడిగేది.

ఇంకా ఎనిమిది రోజులుందనగా, పొద్దున పదిన్నరకు, నేను వరండాలో కాశీ హోటలు మేనేజరుతో ఫోన్లో ఉన్నాను. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా అని అడుగుతున్నాను. ఉంది సార్, పెద్దమ్మకు ఏ ఇబ్బందీ లేకుండా చూస్తాను అంటున్నాడాయన. లోపల్నుంచి మా ఆవిడ నన్ను పిలిచింది. పేరు పెట్టి పిలిచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ పేరు పెట్టి పిలవని మనిషి. ఫోను చేతిలో ఉండగానే నాకు తెలిసిపోయింది.

మూడో రోజు అక్క అస్థికలు ఏరుకొచ్చాక మేనేజరుకు నేనే ఫోన్ చేశాను. పది రాత్రుల్లో తొమ్మిది కొట్టేయండి, చివరిది ఒకటి ఉంచండి, కర్మకాండలయ్యాక వస్తాను అన్నాను. ఆయన ఎందుకని అడిగాడు. చెప్పాను.

ఆ ఒక్క రాత్రీ నేను అక్క బదులు నిద్ర చేయొచ్చా అని మా పురోహితుణ్ణి అడిగాను. "శాస్త్రంలో ఉండాదో లేదో నాకు తెలీదప్పా. ఆయమ్మకు మిగిలింది ఒగటే గదా. మనసులో తలుసుకుని పండుకో" అన్నాడాయన. నాకు అది చాలు.

బయల్దేరే ముందు మా ఆవిడ ఆ గింజ తెచ్చి నా చేతిలో పెట్టింది. అక్క పాత చీర ముక్కలో ముడేసి ఉంది. అప్పుడు చెప్పింది, ఆ మంగళవారం కాశీలో కారెక్కాక జరిగింది. అక్క ఆ గింజను చాలాసేపు చూసి, కొంగున ముడేసుకుని అందట: "పుడితే పుడతాలే పిల్లా, యాం జేస్తాం. ఈసారి మీ ఇంట్లోనే మనవరాలై పుడతా. వాని దగ్గర అన్నం కలిపించుకుని తింటా. పెట్టనీ వాన్ని, తెలుస్తాది." అని నవ్విందట.

"ఇన్నాళ్ళూ యాల సెప్పలేదు?" అన్నాను.

"యా మొగం పెట్టుకుని సెప్పేది నీకు?" అంది మా ఆవిడ.

మధ్యాహ్నం మూడింటికి కాశీలో దిగాను. గంగలో అక్కను కలిపాను. చీకటి పడేలోపే హోటలుకు వచ్చి, తలుపు వేసుకుని, మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. అక్కను తలుచుకున్నాను. నిద్ర పట్టిందంటే తొమ్మిదోది పూర్తవుతుంది. అక్క ఇంక పుట్టదు. చింతకాయలు కొట్టక్కర్లేదు, ఎవరినీ పెంచక్కర్లేదు. ఆమె ఆ దేవుణ్ణి అడిగింది అదొక్కటే, నన్ను అడిగిందీ అదొక్కటే.

ప్రయాణాల అలసట ఒంట్లో ఉంది. కళ్ళు వాటంతటవే మూతలు పడబోయాయి. ఇంక పుట్టదు, ఎక్కడా ఉండదు, ఎన్నాళ్ళు వెతికినా ఉండదు అనుకున్నాను. లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను. మళ్ళీ పడుకున్నాను. మళ్ళీ కళ్ళు బరువెక్కాయి. మళ్ళీ లేచి కడుక్కున్నాను. ఆ తర్వాత మంచం దిగి, బెంగళూరులో అక్క కూర్చున్నట్టే, గదిలో ఉన్న కుర్చీలో కూర్చున్నాను. తెల్లారేదాకా అందులోనే ఉన్నాను.

పొద్దున మెట్లు దిగి నీళ్ళ దాకా వెళ్ళాను. ముడి విప్పి గింజ అరచేతిలో పెట్టుకున్నాను. లెక్క నాకు తెలుసు. కుర్చీలో గడిపిన రాత్రి రాత్రి కాదు. మళ్ళీ ముడేసి జేబులో పెట్టుకున్నాను. మొదటిసారి అక్కకు ఆ రాత్రి లేకుండా చేసింది నా పొగరు. రెండోసారి నేను తెలిసే చేశాను. నన్ను క్షమించక్కా అని కూడా అనలేదు, అనడానికి నోరు రాలేదు.

పన్నెండుకు కారొచ్చింది, ఎక్కాను. ఇంటికి రాగానే మా ఆవిడ, "ఏసినావా?" అని అడిగింది. వేశానని చెప్పాను.